చీపురు పుల్లల పతంగి, పొట్లంలో నువ్వుల ఉండలు: సంక్రాంతికి ఇంట్లోనే

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? వెనకాల మిక్సీ సౌండ్ వినిపిస్తే ఏమీ అనుకోకండి, పక్క ఫ్లాట్‌లో సకినాలకి బియ్యం పడుతున్నారు. మాది హైదరాబాద్‌లో రాంనగర్, సంక్రాంతి వారమంతా మా బిల్డింగ్‌లో ఇదే చప్పుడు.

పిల్లలకి సెలవులిచ్చేశారు కదా, పొద్దున లేస్తే ఫోన్, లేకపోతే "మమ్మీ, పతంగి కొనివ్వు". ధూల్‌పేట దాకా వెళ్లి డజను తెచ్చామే అనుకోండి, మొదటి రోజే సగం చినిగిపోతాయి. అందుకని ఈసారి ఇంట్లోనే చేయిద్దామని కూర్చోబెట్టాను. ముందే చెప్తున్నా, ఇది కొన్నదానంత చురుగ్గా ఎగరదు, పేచీలకి, అంటే ఒకరి దారం ఒకరు కోసే పోటీకి, పనికిరాదు, కానీ ఎగురుతుంది. మా చిన్నోడు నిన్న వాటర్ ట్యాంకు పక్కన నిలబడి అరగంట ఎగరేశాడు.

కాగితం సంగతి ముందు చూద్దాం. ప్రింటర్‌లో వేసే ఎ4 కాగితం తీసుకోకండి, ప్యాకెట్ మీద 70 అనో 75 అనో జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో) రాసుంటుంది చూడండి, అది బాగా బరువు, పతంగి లేవదు. న్యూస్‌పేపరు చాలు, రెండు పేజీలు కలిసున్న షీటు పూర్తిగా విప్పి 40 సెంటీమీటర్ల చదరం కత్తిరించండి. పల్చటి పతంగి కాగితం దొరికితే ఇంకా మంచిది, బేగంబజార్ వైపు వెళ్లినప్పుడు రంగురంగులవి తెచ్చిపెట్టుకోవచ్చు.

పుల్లలకి కొబ్బరి చీపురు ఈనెలు. వాకిలి ఊడ్చే చీపురులోంచి లాగితే మా అత్తమ్మ ఊరుకోదు, లక్ష్మీదేవి అంటుంది, అందుకే దీనికోసం ఒక కొత్త చీపురు కొన్నాను, ఒక్కటి తెస్తే అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ సరిపోతుంది. నిలువు పుల్ల 56 సెంటీమీటర్లు, ఇది ఒక మూల నుంచి ఎదురు మూలకి నిటారుగా వస్తుంది. అడ్డంగా విల్లులా వంగే పుల్ల 65 సెంటీమీటర్లు. బాగా ఎండిన ఈనె వంచితే ఫట్టున విరుగుతుంది, అరగంట నీళ్లలో నానబెట్టి తుడిచి వాడండి.

ఇప్పుడు అసలు విషయం, ఫోన్ కాస్త దగ్గరికి జరుపుతున్నా, చూడండి. ఈనె ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా ఉంటుంది కదా. అలాగే వంచి అంటిస్తే లావు వైపు బరువెక్కి పతంగి ఎప్పుడూ అటే వాలిపోతుంది. నేను చేసిన మొదటి రెండూ అలాగే గుండ్రంగా తిరిగి తిరిగి కింద పడ్డాయి, పిల్లలు తెగ నవ్వారు. ఏం చేయాలంటే, ఈనె మధ్యని చూపుడువేలి మీద పెట్టండి... చూశారా, ఇటు దిగింది. దిగిన వైపు బ్లేడుతో కొంచెం కొంచెం గీకాలి, మళ్లీ వేలి మీద పెట్టి చూడాలి, తక్కెడలా సమంగా నిలబడే దాకా. ఒక్కోదానికి పది నిమిషాలు పడుతుంది, విసుగొస్తుంది, అయినా ఇది మాత్రం వదలొద్దు. బ్లేడు పని పెద్దవాళ్లదే, పిల్లలకి ఇవ్వకండి.

అడ్డపుల్ల రెండు చివర్లకీ దారం కట్టి ముందే విల్లులా వంచిపెట్టుకుంటే అంటించేటప్పుడు జారదు, ఆ దారం పొడవు కూడా 56 ఉండాలి. అంటించడానికి ఫెవికాల్ ఎందుకండీ, అన్నం మెతుకులు నాలుగు వేళ్లతో మెదిపి రాస్తే చాలు, మా నాన్న మాకు అలాగే చేసిచ్చేవాడు. నిలువు పుల్ల ముందు, దాని మీద విల్లు. విల్లు నడుము పై మూలకి 14 సెంటీమీటర్లు కిందికి రావాలి. పుల్లల మీద అక్కడక్కడా చిన్న కాగితం ముక్కలు పట్టీల్లా వేసి, ఒక గంట ఫ్యాన్ కింద కాదు, నీడలో ఆరనివ్వండి. ఫ్యాన్ కింద పెడితే కాగితం ముడతలు పడుతోంది, నాకైతే పడింది.

ఆరాక కన్నీ కట్టాలి, అంటే ఎగరేసే దారం ముడేయడానికి పతంగికి కట్టే దారం, కొందరు సూత్రం అంటారు. పుల్లలు రెండూ కలిసే చోట ఒక జత చిల్లులు, కింది మూలకి జానెడు పైన ఇంకో జత. రెండింటికీ దారం కట్టి ముడి వేసేటప్పుడు కింది దారం పైదానికంటే ఒక వేలెడు ఎక్కువ ఉండేలా చూసుకోండి. న్యూస్‌పేపరుది కాబట్టి తోక తప్పదు, రెండు వేళ్ల వెడల్పు పట్టీలు అంటించి ఓ మీటరున్నర వేలాడదీయండి. ఇంకా ఒక పక్కకే వాలుతోందా, ఎదురు రెక్క చివర చిన్న కాగితం ముక్క అంటించండి, సర్దుకుంటుంది.

దారం మాత్రం మామూలు తెల్ల నూలు దారమే. నైలాన్ మాంజా, అదే చైనా మాంజా అంటారు, దాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది, అయినా ఎక్కడో ఒకచోట అమ్ముతూనే ఉన్నారు. బండి మీద వెళ్లేవాళ్ల మెడలు తెగుతున్నాయి, పక్షుల రెక్కలు తెగుతున్నాయి, మన పిల్లోడి సరదా కోసమా ఇదంతా? కరెంటు తీగకి చిక్కితే వదిలేయండి, కర్రతో లాగొద్దు. ఇంట్లో చేసిందే కదా, పోతే పోయింది.

మిగిలిన కాగితాలతో తోరణం, ఇది ఐదు నిమిషాల పని. పాత పెళ్లి కార్డులు ఉంటాయి కదా ప్రతి ఇంట్లో, వాటిని నాలుగంగుళాల చదరాలు కోసి, కింద ఒక చిన్న త్రికోణం తోక అంటించి, వెనక దారం టేప్ చేస్తే గుమ్మానికి బుల్లి పతంగుల తోరణం. మా పాప పన్నెండు చేసింది, నేను అసలు చెయ్యి పెట్టలేదు.

ఇక వంటగదిలోకి. నువ్వుల ఉండలకి ఒక కప్పు తెల్ల నువ్వులు, ముప్పావు కప్పు బెల్లం తురుము, చెంచా నెయ్యి, రెండు యాలకులు. నువ్వులు సన్నని సెగ మీదే వేయించాలి, చిటపటమని రెండు మూడు గింజలు ఎగరగానే దింపేసి వేరే పళ్లెంలో పోయండి, మూకుడులోనే ఉంచితే ఆ వేడికే మాడి చేదొస్తాయి.

బెల్లంలో పావు కప్పు నీళ్లు, అంతకంటే వద్దు. కరిగాక ఒకసారి వడకట్టండి, ఇసుక ఉంటుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి నెయ్యి వేసి తిప్పుతూ ఉండాలి. పక్కన గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకోండి. ఒక చుక్క వేసి చూద్దాం... కరిగిపోయింది, ఇంకా కాలేదు. ఒక్క నిమిషం ఆగి ఇంకో చుక్క. ఆఁ, ఇప్పుడు వేళ్ల మధ్య ఉండ అవుతోంది చూడండి, పళ్లెం మీద వేస్తే టక్‌మంది. ఇక ఆలస్యం చేయకుండా పొయ్యి ఆపేసి నువ్వులు, యాలకుల పొడి వేసి కలిపేయడమే. పోయినేడు నేను సరిగ్గా ఇక్కడ ఫోన్ ఎత్తాను. తిరిగొచ్చేసరికి రాయిలా బిగిసిపోయింది, చపాతీ కర్రతో పగలగొట్టి చిక్కీ అని చెప్పి పంచాం, ఎవరికీ అనుమానం రాలేదు.

చేతులకి నెయ్యి రాసుకుని వేడి మీదే చుట్టాలి, పాకం కాలితే బొబ్బలొస్తాయి కాబట్టి పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. వాళ్లూ చేస్తామని గొడవ చేస్తే ఇంకో దారుంది. చల్లారిన నువ్వులు, బెల్లం మిక్సీలో రెండు తిప్పులు తిప్పి ఆపేయండి, ఎక్కువ తిప్పితే నూనె వదిలి ముద్దైపోతుంది. అదే చిమ్మిలి. పాకం లేదు, మంట లేదు, పిడికిట్లో నొక్కితే ఉండ.

వీటిని డబ్బాలో ఇవ్వడం కంటే పొట్లంలో ఇస్తే అందంగా ఉంటుంది. పాతకాలం కిరాణా కొట్టు పొట్లమేనండీ: చదరపు తెల్ల కాగితం, ఒక మూల పట్టుకుని గరాటులా చుట్టి, కింద కొన మడిచి, లోపల చిన్న బటర్ పేపరు. న్యూస్‌పేపరు మాత్రం వద్దు, ఇంకు తిండికి అంటుకుంటుందని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనే హెచ్చరించింది. ఒక్కో పొట్లంలో నాలుగు ఉండలు పెట్టి నోరు లోపలికి మడిచి, పైన ఒక బుల్లి పతంగి అంటించండి. పంచేటప్పుడు మా అత్తమ్మ ప్రతి గుమ్మం దగ్గరా "నువ్వులు తిని నూరేళ్లు బతకండి" అంటుంది, పిల్లలకి కూడా నేర్పించింది, చిన్నోడు లిఫ్టులో కనిపించిన వాచ్‌మన్ తాతకి కూడా అదే చెప్పి రెండు పొట్లాలిచ్చాడు.

సరే, గాలి లేచినట్టుంది, పైనుంచి పిలుస్తున్నారు. పాప చేసిన పతంగి ఇంకా ఎడమకే వాలుతోందట, బ్లేడు తీసుకుని నేను పైకి వెళ్తున్నా.