వెలివేసినవాడికి నిప్పిచ్చినా తప్పే: సెకండరీ ఆంక్షల సంగతి

హోస్ట్: నమస్కారం సార్. ఆంక్షలంటే అందరికీ తెలుసు. ఈ సెకండరీ ఆంక్షలే కాస్త అయోమయం. ముందు వాటితో మొదలుపెడదామా?

అతిథి: నమస్కారమండీ. పాతకాలపు ఊళ్లలో వెలి ఉండేది కదా. ఫలానావాడితో మేం పొత్తు పెట్టుకోం అంటే అది మామూలు ఆంక్ష. వాడికి నిప్పిచ్చినా, నీళ్లిచ్చినా నిన్ను కూడా వెలివేస్తాం అంటే సెకండరీ. ఇరాన్‌తో వ్యాపారం చేయొద్దని అమెరికా తన కంపెనీలకు చెప్పుకోవచ్చు. ముంబైలో ఉన్న బ్యాంకుకి కూడా చెబితే, అదీ సంగతి.

హోస్ట్: వాళ్ల చట్టం మన బ్యాంకు మీద ఎలా చెల్లుతుంది సార్?

అతిథి: చెల్లక్కర్లేదు. ఏ దేశపు బ్యాంకైనా డాలర్లు పంపాలంటే అమెరికాలోని ఏదో ఒక బ్యాంకులో దానికి ఖాతా ఉండాలి. కరస్పాండెంట్ ఖాతా అంటారు. "నువ్వు ఇరాన్‌కి డబ్బు పంపితే ఆ ఖాతా మూయిస్తాం" అంటారు, అంతే. కేసు లేదు, కోర్టు లేదు. డాలరు ఖాతా పోయిన బ్యాంకుకి విదేశీ వ్యాపారం దాదాపు లేనట్టే.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. 2014లో ఫ్రాన్స్ బ్యాంకు బీఎన్‌పీ పారిబాకి దాదాపు 890 కోట్ల డాలర్ల జరిమానా పడింది కదా, దాన్నీ సెకండరీ కింద రాస్తారు. కాదు. ఆంక్షలున్న దేశాల కోసం అది పంపిన డాలర్లు న్యూయార్క్ మీదుగా వెళ్లాయి కాబట్టి అది నేరుగా అమెరికా చట్టాన్ని మీరడమే. కాకపోతే ఆ అంకె చూశాక ప్రపంచంలో బ్యాంకులన్నీ రెండు రకాల మధ్య తేడా వెతకడం మానేశాయి.

హోస్ట్: మనం ఇరాన్ చమురు కొన్న రోజుల్లో ఏం జరిగింది?

అతిథి: చమురు ఆగలేదండీ, డబ్బు ఆగింది. అంతకుముందు ఏషియన్ క్లియరింగ్ యూనియన్ ద్వారా, అంటే ఆసియా దేశాల కేంద్ర బ్యాంకులు తమలో తాము లెక్కలు సర్దుకునే ఏర్పాటు ద్వారా, చెల్లించేవాళ్లం. 2010 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు ఆ దారి మూసింది. తర్వాత హాంబర్గ్‌లోని ఒక ఇరానీ బ్యాంకు ద్వారా యూరోల్లో పంపితే, 2011 మేలో యూరప్ దాన్నీ ఆంక్షల్లో పెట్టింది. తర్వాత టర్కీలోని హాల్క్ బ్యాంకు. అదీ నిలవలేదు. చివరికి మిగిలింది కోల్‌కతాలోని యూకో బ్యాంకు.

హోస్ట్: ఎందుకు యూకోనే?

అతిథి: అమెరికాలో దానికి వ్యాపారం లేదు. కొడితే తగిలేది తక్కువ. 2012 నుంచి చమురు బిల్లులో 45 శాతం రూపాయల్లో ఆ బ్యాంకులోని ఇరాన్ ఖాతాలో వేసేవాళ్లు. ఇరాన్ ఆ రూపాయలతో మన దగ్గర బాస్మతి, టీ, సోయా, మందులు కొనాలి. కాగితం మీద చక్కగానే ఉంది. కానీ చమురు బిల్లు కొండంత, బియ్యం బిల్లు గోరంత. రూపాయలు పేరుకుపోయాయి. 2013 ఫిబ్రవరి నుంచి అమెరికా నిబంధన ఇంకా బిగిసింది: చమురు డబ్బు కొన్న దేశంలోనే ఉండాలి, బయటికి కదలకూడదు. మిగతా 55 శాతానికి దారే లేదు. 2016 జనవరిలో ఆంక్షలు సడలేసరికి మన రిఫైనరీల బాకీ 600 కోట్ల డాలర్లు దాటింది.

హోస్ట్: సరుకు వచ్చేసింది, డబ్బు ఇవ్వక్కర్లేదు. మనకి లాభమే కదా సార్!

అతిథి: (నవ్వు) వడ్డీ లేని అప్పులా అనిపిస్తుంది. కానీ డాలర్ల బాకీ అది. రూపాయి పడిపోతుంటే ఆ బాకీ పెరుగుతుంది. పైగా అందరూ ఒకేసారి కట్టాల్సి వస్తే విదేశీ మారకం మీద ఒత్తిడి.

ఇక ఇరాన్ చమురు మీద అమెరికా పెట్టిన చట్టంలో తెలివైన మెలిక చూడండి. పూర్తిగా కొనొద్దు అనలేదు. "గణనీయంగా" తగ్గించినవాళ్లకి 180 రోజుల మినహాయింపు. ఎంత తగ్గిస్తే గణనీయమో రాయలేదు. అంటే ఆరు నెలలకోసారి వాషింగ్టన్ మొహం చూడాల్సిందే. 2018 నవంబరులో ఆంక్షలు మళ్లీ పెట్టినప్పుడు ఎనిమిది దేశాలకి ఆ మినహాయింపు ఇచ్చారు, 2019 మే 2న తీసేశారు. మన కొనుగోళ్లు ఆగిపోయాయి.

హోస్ట్: చైనా ఏం చేసింది?

అతిథి: ఒక బ్యాంకుని బలిపశువుగా పెట్టింది. బ్యాంక్ ఆఫ్ కున్‌లున్. 2012 జులైలో అమెరికా దాన్ని వెలివేసింది. ఇక పోయేదేముంది? ఇరాన్ లెక్కలన్నీ దానిమీదే నడిపి, పెద్ద బ్యాంకుల్ని దూరంగా ఉంచారు. యూరప్‌ది ఇంకో కథ. అమెరికా ఆంక్షలు పాటించొద్దని తన కంపెనీలకు చెప్పే చట్టం 1996 నుంచే ఉంది. 2018లో దానికి మళ్లీ పదును పెట్టారు. అయినా ఫ్రాన్స్ చమురు కంపెనీ టోటల్ ఇరాన్ గ్యాస్ ప్రాజెక్టు వదిలేసింది. తమ రుణాల వ్యవహారాల్లో 90 శాతానికి పైగా అమెరికా బ్యాంకులు ఉన్నాయని వాళ్లే చెప్పారు. 2019 జనవరిలో డాలరు లేకుండా ఇరాన్‌తో వ్యాపారం నడపడానికి ఇన్‌స్టెక్స్ అని ప్రత్యేక సంస్థ పెడితే, 2023లో మూసేసేదాకా నడిచిన లావాదేవీ ఒక్కటంటే ఒక్కటి.

హోస్ట్: మరి రష్యా విషయంలో?

అతిథి: 2023 డిసెంబరు 22 చూడండి. రష్యా సైనిక పరిశ్రమకి సాయపడే లావాదేవీ చేసిన ఏ విదేశీ బ్యాంకునైనా వెలివేస్తామని అమెరికా ఉత్తర్వు వచ్చింది. అప్పటికి ఒక్క బ్యాంకునీ కొట్టలేదు. అయినా టర్కీ, చైనా, ఎమిరేట్స్ బ్యాంకులు రష్యా చెల్లింపుల్ని వారాల తరబడి ఆపేశాయి. భయమే పని చేసింది. కానీ ఆ భయమే ఎదురుతన్నుతుంది కూడా. 2018 ఏప్రిల్‌లో రష్యా అల్యూమినియం కంపెనీ రుసాల్‌ని అమెరికా తన ఆంక్షల జాబితాలో పెట్టగానే అల్యూమినియం ధర రెండు వారాల్లో ఎగసిపోయింది. గడువులు పొడిగించి, చివరికి 2019 జనవరిలో తీసేశారు. రష్యా, చైనా ఇప్పుడు తమ వ్యాపారంలో 90 శాతానికి పైగా రూబుల్, యువాన్‌లలోనే సాగుతోందని రష్యా అధికారులు చెబుతున్నారు.

హోస్ట్: మనకీ రష్యా రూపాయలు పేరుకున్నాయి కదా?

అతిథి: అదే పాత రోగం. 2022 జులైలో రిజర్వ్ బ్యాంకు రూపాయి వోస్ట్రో ఖాతాలకు, అంటే విదేశీ బ్యాంకులు మన బ్యాంకుల్లో రూపాయల్లో తెరిచే ఖాతాలకు, అనుమతిచ్చింది. 2023 మేలో గోవా వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్, మీ బ్యాంకుల్లో మా రూపాయలు వందల కోట్లలో ఉన్నాయి, వాటిని వాడుకోవాలంటే వేరే కరెన్సీలోకి మార్చాలి అన్నాడు. ఆ తర్వాత 2025 ఆగస్టు 27న రష్యా చమురు పేరుతో మన సరుకు మీద అమెరికాలో అదనంగా 25 శాతం సుంకం పడింది. ఇది ఆంక్ష కాదు, సుంకం. వరస మాత్రం అదే. చమురు కొనేది గుజరాత్ తీరంలోని రిఫైనరీ, దెబ్బ భీమవరం చెరువుకి. అంతకుముందే ఉన్న 25 శాతం, మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం, సర్కారు రాయితీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకం కలిపితే రొయ్య మీద 58 శాతం దాటింది. అమెరికా ఎక్కువగా కొనేది 30, 40 కౌంట్, అంటే కిలోకి 30, 40 తూగే పెద్ద రొయ్య. అదే ముందు కుదేలైంది.

హోస్ట్: చివరగా, మన ఎగుమతిదారులు ఏం చూసుకోవాలి?

అతిథి: మందులకు మినహాయింపు ఉంది, ఆహారానికీ ఉంది. అయినా బ్యాంకు వద్దంటుంది, ఎందుకంటే లాభం వేలల్లో, ముప్పు బ్యాంకంతా. అందుకని సరుకు ఎక్కించాక కాదు, ఆర్డరు పుచ్చుకోకముందే బ్యాంకు నుంచి రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోండి. ఓడ పేరు కాదు, ప్రతి ఓడకీ అంతర్జాతీయంగా ఇచ్చే ఐఎంఓ నంబరు చూడండి. పేరు మారుతుంది, నంబరు మారదు. ఆ ఓడ ట్రాకింగ్ సిగ్నల్ మధ్యలో రోజుల తరబడి మాయమైతే ఎందుకని అడగండి. కొనేవాడి పేరు అమెరికా ఆంక్షల జాబితాలో లేదని ఊరుకోకండి, వాటాదారుల్ని చూడండి. జాబితాలో ఉన్న ఒకడికి 30 శాతం, ఇంకొకడికి 25 ఉంటే, కలిపి 55. సగం వచ్చిందంటే కంపెనీ పేరు ఎక్కడా లేకపోయినా అది జాబితాలో ఉన్నట్టే లెక్క.

హోస్ట్: విడివిడిగా చూస్తే ఎవరికీ సగం లేదు కదా.

అతిథి: అక్కడే చాలామంది దొరికిపోతారండీ.