అంశం ఇచ్చారు, మరి ఫొటో ఎక్కడుంది?

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు ఔత్సాహిక ఫొటోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. 1839లో ఇదే ఆగస్టు 19న ఫ్రాన్స్ ప్రభుత్వం తొలినాటి ఫొటో పద్ధతుల్లో ఒకటైన డాగెరోటైప్‌ని ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేసింది, ఆ తేదీ పట్టుకునే మనం ఏటా ఇలా కలుస్తున్నాం, పోటీలు పెట్టుకుంటున్నాం. చరిత్ర అంతవరకే. ఈ రోజు నేను అంశం ఇచ్చి ఫొటో పంపమనే పోటీల గురించే మాట్లాడతాను, ఎందుకంటే మన దగ్గర బాగా తీసేవాళ్లు కూడా అక్కడే తడబడుతున్నారు.

అంశమేదీ లేని ఓపెన్ విభాగానికి పంపాలంటే పెద్ద ఇబ్బంది లేదు, హార్డ్ డిస్క్ తెరిచి నాలుగైదేళ్ల ఫొటోలు తిరగేస్తే పంపదగ్గది ఏదో ఒకటి దొరుకుతుంది. అదే "ఎరుపు" అనో "పండుగ" అనో "ఒంటరితనం" అనో అంశం ఇచ్చి, గడువు నెలాఖరు అన్నారనుకోండి, టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు చాలామంది చేసే పని పాత ఫొటో ఒకటి తీసి దానికి అంశానికి సరిపోయే శీర్షిక తగిలించడం. జడ్జీల ముందు తెర మీద ఒక్కో ఫొటో కొద్ది సెకన్లే ఉంటుంది, చాలా పోటీల్లో శీర్షిక వాళ్లకి కనిపించదు కూడా. శీర్షిక తీసేస్తే అంశం కూడా మాయమైపోయే ఫొటో ఆ కొద్ది సెకన్లలో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. అంశం చదవగానే మనసులో మెదిలే మొదటి బొమ్మ అందరికీ మెదిలేదే. దాన్ని పక్కన పెట్టి, ఆ అంశం నిజంగా బతికి ఉన్న చోటికి వెళ్లి, అక్కడి పని మనకి అర్థమయ్యేదాకా ఉండాలి.

"ఎరుపు" సంగతే తీసుకుందాం. మన రాష్ట్రంలో ఎరుపు అనగానే మిరపకాయలు. గుంటూరు, పల్నాడు వైపు జనవరి దాటాక కళ్లాల్లో ఆరబోసిన మిరప కనుచూపు మేర ఉంటుంది, దాని మధ్యలో ఒక స్త్రీ, పైనుంచి తీసిన డ్రోన్ షాట్. బాగుంటుంది, కాదనను. కానీ అలాంటివే కుప్పలుగా వస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది కెమెరా వైపు నుంచి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ ఎరుపుని తీస్తే ఫొటోలోని ఎరుపు భాగం, అంటే రెడ్ ఛానల్ ఒక్కటే వెలుతురు ఎక్కువై కాలిపోతుంది, కాయ మీద ముడత, తొడిమ దగ్గర మెరుపు అన్నీ పోయి ఎర్రరంగు పూసినట్టు మిగులుతుంది. ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపించే గ్రాఫు, అదే మామూలు హిస్టోగ్రామ్ చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అది ఆకుపచ్చకే ఎక్కువ బరువిస్తుంది కాబట్టి. మూడు రంగులనీ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకోండి, ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకి అందే వెలుతురు కొంచెం తగ్గించండి, కెమెరా తన మార్పులు చేయకుండా దాచే రా ఫైల్‌లో తీయండి. పొద్దున్నే ఏటవాలు వెలుతురు ఉన్నప్పుడు వెళ్తే కాయకీ కాయకీ మధ్య నీడ పడుతుంది, కుప్పకి లోతు వస్తుంది.

ఇదంతా సాంకేతికం, నేర్చుకుంటే వచ్చేస్తుంది. అసలు ఫొటో ఉండేది ఆ కళ్లంలో జరిగే పనిలో. ముఖాలకి గుడ్డలు కట్టుకుని ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. రంగు పోయి తెల్లబారిన కాయలే తాలు, వాటికి ధర పడిపోతుంది. ఎర్రటి రాశి పక్కన ఆ పాలిపోయిన చిన్న కుప్ప, రెండిటి మధ్యలో ఆగకుండా కదిలే చెయ్యి. రైతుకి ఎరుపంటే ఏమిటో ఆ ఫ్రేములో ఉంది, ఎందుకంటే ఆ రంగే ఆయన ధర. రోడ్డు మీద బండి ఆపి నాలుగు ఫొటోలు కొట్టుకుని వెళ్లిపోయేవాళ్లకి ఇది కనపడదు. ఆ ఘాటుకి దగ్గుతూ, తుమ్ముతూ, వాళ్లతో మాట్లాడుతూ ఒక పూట అక్కడే ఉన్నవాళ్లకి కనపడుతుంది.

"పండుగ" అంశానికి తెలంగాణ నుంచి ఎక్కువగా వచ్చేది బతుకమ్మ, అదీ సాయంత్రం ఆట. వెలుతురు పడిపోయాక గుండ్రంగా తిరిగే మనుషుల్ని తీయడం కష్టమే. కదలిక ఆగిపోయినట్టు రావాలంటే షటర్ 1/250 సెకను దగ్గర ఉండాలి, దానికి ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా సున్నితత్వం, 3200 పైకి పోతుంది, ఫొటోలో చుక్కచుక్కలుగా గింజలు పడతాయి. అలా కాకుండా 1/15 సెకనుకి దించి, మధ్యలో ఉన్న బతుకమ్మని స్పష్టంగా ఉంచి చుట్టూ చీరల్ని పారనిస్తే ఆ తిరుగుడు ఫొటోలోకి వస్తుంది, నాకదే ఇష్టం. ఫ్లాష్ మాత్రం వద్దు, ఆడుకునేవాళ్ల కళ్లలోకి అది కొట్టడం మర్యాద కూడా కాదు. అయితే నన్నడిగితే పండుగ మధ్యాహ్నమే మొదలవుతుంది. గునుగు పూలకి రంగు అద్దడం, తంగేడు కట్టలు సమంగా కత్తిరించడం, తాంబాళంలో వరస మీద వరస పేర్చడం, నాయనమ్మ చెయ్యి ఒక పక్క, మనవరాలి చెయ్యి ఒక పక్క. కిటికీ వెలుతురు చాలు. అక్కడికి కెమెరాతో వెళ్లాలంటే ఆ ఇంట్లో మీకు చనువుండాలి, అందుకే అలాంటి ఫొటోలు తక్కువ వస్తాయి. మన ఊళ్లో, మన ఇంట్లో జరిగేదాన్ని తీయడంలో మనకున్న బలం పెద్ద లెన్స్ ఉన్న బయటివాళ్లకి లేదు.

ఇక "ఒంటరితనం". దీని గురించి కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఈ అంశం ఇచ్చిన ప్రతిసారీ గుడి మెట్ల మీద కూర్చున్న ముసలాయన ముడతలు, బస్టాండులో పడుకున్న మనిషి, నలుపు తెలుపులో కాంట్రాస్ట్ పెంచి పంపుతారు. ఆ పెద్దాయన ఒంటరివాడని మనకెవరు చెప్పారు? పేరడిగామా, రెండు మాటలు మాట్లాడామా? పేదరికాన్ని దూరం నుంచి టెలీ లెన్స్‌తో లాగి దానికి ఒంటరితనమని పేరు పెట్టడం ఆ మనిషికి అన్యాయం. అదే అంశానికి ఇంకేం తీయొచ్చో చూడండి. పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న ఇళ్లు మన వీధుల్లో ఎన్ని లేవు? డైనింగ్ టేబుల్ మీద ఒక్క కంచం, గోడకి ఆనించిన ఫోనులో వీడియో కాల్. అది మీ పిన్నిగారి ఇల్లే కావచ్చు, అడిగి తీయొచ్చు, తీశాక చూపించి పంపనా అని మళ్లీ అడగొచ్చు. ఆ ఫొటో చూసి నాలాంటివాళ్లకి గొంతులో ఏదో అడ్డుపడుతుంది, ముడతలకి పడదు.

అంశం కోసం దృశ్యాన్ని తయారుచేసే విషయం కూడా చెప్పాలి. లండన్‌లో జరిగే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009లో గేటు దూకుతున్న తోడేలు ఫొటో గెలిచింది, ఆ తోడేలు శిక్షణ ఇచ్చిన జంతువని నిర్వాహకులు తేల్చి 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. అదే పోటీలో 2017లో గెలిచిన ఒక ఫొటోలో ఉన్న చీమలు తినే జంతువు గడ్డి కూరిన బొమ్మేనని నిపుణులు తేల్చడంతో 2018లో దాన్నీ తీసేశారు. అంత పెద్ద పోటీలోనే అలా జరిగింది. మన దగ్గర జాలరికి డబ్బులిచ్చి ఖాళీ వల పదిసార్లు విసిరించడం మామూలైపోయింది, అందుకే "శ్రమ" అంశానికి వచ్చే ఫొటోల్లో వల గుండ్రంగా అందంగా ఉంటుంది, నీళ్లలో చేప ఉండదు, ఆ మనిషి ముఖంలో పని ఉండదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున వెళ్లి చూడండి, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

ఏఐ వచ్చాక ఈ గొడవ ఇంకా ముదిరింది. 2023లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో ఒక విభాగంలో గెలిచిన జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్, తన బొమ్మ ఏఐతో చేసిందని చెప్పి బహుమతి వద్దన్నారు. మరుసటేడు దానికి తలకిందులుగా జరిగింది. మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్ తల కనపడకుండా ముడుచుకున్న ఫ్లెమింగోని నిజంగా తీసి వేరే పోటీలో ఏఐ విభాగానికి పంపితే దానికి బహుమతి వచ్చింది, అసలు సంగతి చెప్పగానే అనర్హత వేటు పడింది. పులికాట్‌లో ఈ ఫ్లెమింగోలు మెడ వంచి ఈకలు సవరించుకోవడం చూసినవాళ్లకి ఆ భంగిమ కొత్తేం కాదు. నాకైతే ఈ రెండో సంఘటన చాలా ధైర్యాన్నిచ్చింది.

రూల్స్ గురించి రెండు మాటలు, ఇవి చదవకుండా పంపేవాళ్లు ఎక్కువ కాబట్టి. అంతర్జాతీయ ఫొటో కళా సమాఖ్య ఫియాప్ గుర్తింపు ఉన్న సెలూన్లలో, అంటే పోటీ ప్రదర్శనల్లో, నేచర్ విభాగానికి పంపితే ఫొటోలో ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని పెట్టడం కుదరదు, అడ్డమొచ్చిన ఒక్క కొమ్మని చెరిపినా సరే. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి. ఇక హక్కులు. మన కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకి కర్త దాన్ని తీసినవాళ్లే, కానీ కొన్ని పోటీల షరతుల్లో "పంపిన ఫొటోలన్నీ నిర్వాహకుల సొంతం" అని ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. గెలిచినవి కాదు, పంపినవన్నీ. అలాంటి పోటీకి నేను పంపను, మిమ్మల్నీ పంపొద్దనే అంటాను. నెదర్లాండ్స్‌లో 2010లో మొదలైన, వికీపీడియా వాళ్ల చారిత్రక కట్టడాల ఫొటో పోటీ వికీ లవ్స్ మాన్యుమెంట్స్ లాంటివి వేరు, అక్కడ ఫొటోని ఎవరైనా వాడుకోవచ్చని మనమే తెలిసి ఒప్పుకుని ఇస్తాం, మన పేరు దాంతోపాటే ఉంటుంది.

వచ్చే నెల మన అంశం "నీడ". వేపచెట్టు నీడ, గొడుగు నీడ మీకిప్పటికే మనసులోకి వచ్చేసి ఉంటాయి, వాటిని ఈ రాత్రికే ఒక కాగితం మీద రాసి కొట్టేయండి. మధ్యాహ్నం ఒంటిగంటకి మీ ఊరి సెంటర్‌లో ఎవరెవరు ఏ నీడ కోసం ఎలా సర్దుకుంటున్నారో రేపు వెళ్లి చూడండి, చెప్పులు కుట్టేవాళ్లు, ఆటోవాళ్లు, ట్రాఫిక్ కానిస్టేబుల్. మొదటిరోజు కెమెరా సంచిలోనే ఉన్నా ఫర్వాలేదు. సరే, ఇప్పుడు మీరు తెచ్చిన ఫొటోలు చూద్దాం, వెనకవాళ్లు ఆ లైట్లు ఆపండమ్మా, ప్రొజెక్టర్ వేద్దాం.