తలుపును కత్తిరించకండి

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం నాడు అనంతపురంలో, కొత్తగా కెమెరా పట్టిన పిల్లల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

1839లో సరిగ్గా ఈ రోజు, ఆగస్టు 19న, ఫ్రాన్స్‌కు చెందిన లూయీ డాగేర్ కనిపెట్టిన ఫోటో పద్ధతిని పారిస్‌లో లోకానికి వివరించి చెప్పారు. అంతకు ముందు ఏడాది ఆయన తన కిటికీలోంచి ఒక వీధిని తీశాడు. బండ్లు, మనుషులతో సందడిగా ఉండే వీధి అది. అప్పట్లో బొమ్మ పడాలంటే రేకుకు నిమిషాల తరబడి వెలుగు తగలాలి. కదిలినవాళ్ళెవరూ బొమ్మలో మిగల్లేదు. ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడిన మనిషి మాత్రం పడ్డాడు. ఫోటోలో మనకు కనిపించే తొలి మనుషుల్లో అతనొకడు. ఖాళీ వీధి మూలలోంచి మనవైపు తొంగిచూస్తున్నట్టే ఉంటాడు. ఆ ఫోటో ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నేను చాలా ఏళ్ళుగా తొంగిచూపులే తీస్తున్నాను. తలుపు సందులో పాప, చెట్టు తొర్రలో గుడ్లగూబ, కోటగోడ బొక్కలో రామచిలుక, బండ పగుల్లో తొండ. వీటిమీద మనకెందుకింత మక్కువ? మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని దోబూచి ఆడేటప్పుడు చూడండి. కొంగు తొలగిన క్షణంలో బిడ్డ కిలకిలా నవ్వుతుంది. కొంగు వెనక అమ్మ ఉందని దానికి తెలుసు, కనపడదు. ఆ రెంటి మధ్య ఉండే ఆత్రమే మన ఫోటో.

తాడిపత్రి వైపు ఒక పల్లెలో పాత మిద్దె ఇల్లు. తలుపు వెనక ఆరేళ్ళ పాప. ఒక కన్ను, తలుపు అంచు మీద నాలుగు వేళ్ళు, అంతే కనపడేది. గవాచిలోంచి దిగిన వెలుగు వెనకనుంచి దాని జుట్టుకు తగులుతోంది. నేను తీసి, ఇంటికొచ్చి, ముఖం పెద్దగా కనపడాలని తలుపంతా కత్తిరించేశాను. మిగిలింది ఏముంది? సగం ముఖం. ఎక్కడి పాపైనా కావచ్చు. మళ్ళీ అసలు ఫోటో తెరిచి చూస్తే నీలిరంగు పెచ్చులూడిన తలుపు, తుప్పుపట్టిన గొళ్ళెం, గడప మీద ఆరిపోయిన పసుపు, వాటి మధ్య ఆ చిన్ని కన్ను! దాచే వస్తువుకు ఫ్రేమ్‌లో సగానికి పైగా చోటివ్వండి. అది పోతే తొంగిచూపే పోతుంది.

ఇక పనిలో మెలకువలు. ఆటోఫోకస్ దగ్గరున్నదాన్ని పట్టుకుంటుంది కాబట్టి మీకు తెలియకుండానే తలుపు అంచు మీద నిలుస్తుంది, కన్ను మసకబారుతుంది. ఒకే ఫోకస్ పాయింట్ పెట్టుకుని కంటిమీదికి జరపండి. పిల్లల తొంగిచూపు సెకను కూడా ఉండదు, షటర్ వేగం 1/500 సెకను కంటే తగ్గనివ్వకండి. మన ఎండకు సున్నం గోడ తెల్లగా మెరిసిపోతుంటే కెమెరా మోసపోయి ముఖాన్ని నల్లగా చేస్తుంది. వెలుగు కొలత ముఖం మీదే తీసుకోండి. కెమెరాను వాళ్ళ కంటి ఎత్తుకు దించండి. గడప దగ్గరైతే గొంతుక్కూర్చోవాల్సిందే. ఇంకో మాట, పిల్లను తీసేముందు ఇంట్లోవాళ్ళను అడగండి. అవ్వ తలుపు మూసేసిందంటే అదే జవాబు.

ఇప్పుడు నాకు సిగ్గనిపించే సంగతి చెబుతాను. మొదట్లో ఒకసారి వేపచెట్టు తొర్రలో గుడ్లగూబ ఉందని తెలిసింది. ఎంతసేపు చూసినా తల బయటికి పెట్టలేదు. కర్రతో మాను మీద తట్టాను. అది పట్టపగలు బయటికి ఎగిరింది. క్షణంలో కాకులు చుట్టుముట్టి చేను అవతలి దాకా తరిమాయి. గొర్రెలు మేపుతున్న పెద్దాయన దగ్గరికొచ్చి, "ఎందుకప్పా లేపితివి? పొద్దు మునిగితే అదే తొంగిచూస్తాది కదా" అన్నాడు. ఆరోజు నా దగ్గర ఫోటో లేదు, ఆయనకు చెప్పడానికి మాటా లేదు. తొంగిచూడాలా వద్దా అన్నది ఆ ప్రాణి ఇష్టం. మనం తట్టి లేపితే వచ్చేది బెదురు, దాని కళ్ళల్లో అది తెలిసిపోతుంది.

రోళ్ళపాడు అభయారణ్యం గడ్డిలో కృష్ణజింక పిల్లను తల్లి దాచిపెట్టి మేతకు పోతుంది. గడ్డిపైన రెండు చెవులు కనపడితే దూరంనుంచే తీసి వెనక్కి తిరగండి. దగ్గరికి పోతే దాని చోటును నక్కకు చూపించినట్టే.

వీరాపురం పోయారా? చిలమత్తూరు మండలం. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా గానీ మన పాత అనంతపురమే. ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే కొంగల్ని చాలామంది సైబీరియా కొంగలంటారు. అవి పెయింటెడ్ స్టార్క్‌లు, మన దేశపు పక్షులే. ఊరివాళ్ళు వాటిని తరమరు. ఎండ మండేటప్పుడు తల్లి రెక్కలు చాపి పిల్లలకు నీడ పడుతుంది. ఆ రెక్క కిందనుంచి బయటికొచ్చే పిల్ల ముక్కు కోసం నేను ఒక పూటంతా అరుగు మీద కూర్చున్నాను. గంట గడిచాక పక్షులు నన్ను పట్టించుకోవడం మానేశాయి. ఫోటో ఆ తర్వాతే వచ్చింది.

కడప జిల్లా కలివికోడి కథ ఇంకా గొప్పది. 1900 తర్వాత ఎవరికీ కనపడని పక్షి, 1986 జనవరిలో మళ్ళీ కనపడింది. రాత్రిపూట పొదల మధ్య తిరుగుతుంది. దానికోసం పరిశోధకులు లంకమల అడవుల్లో మట్టి చదును చేసి అడుగుజాడలు వెతికారు, ఎదురుగా ఏదైనా కదిలితే తానే క్లిక్‌మనే కెమెరాలు కట్టారు. తీసేవాడు పక్కన లేకుండా దొరికే తొంగిచూపు అది.

చివరికి మన శెనక్కాయ చేను. విత్తిన వారానికి ఎర్రమట్టి పగిలి మొలక తల ఎత్తడం మీరంతా చూసిందే. ఇప్పుడు అదే చెట్టు దాక్కునే పని మొదలుపెట్టింది. పొద్దున పూసిన పసుపు పువ్వు ఆరోజే వాడుతుంది, తర్వాత అక్కడినుంచి ఊడ కిందికి సాగి మట్టిలోకి దూరుతుంది, కాయ లోపలే ఊరుతుంది. ఊడ కొన మట్టిని తాకే చోటును ఇంతవరకూ నేను తృప్తిగా తీయలేకపోయాను. రేపు ఎండ ముదరకముందే, ఆరింటికల్లా చేనుకు పోదాం. రైతును అడిగి ఒప్పించాను. బోర్లా పడుకోవాలి, ఒక గోనెసంచి తెచ్చుకోండి.