చెరువు చేప, సముద్రపు చేప: తేడా ముల్లులో లేదు

ప్రపంచ మత్స్య దినోత్సవానికి వచ్చిన సంఘాల పెద్దలకు, వల పక్కన పెట్టి వచ్చిన అన్నలకు, మార్కెట్ నుంచి నేరుగా వచ్చిన అక్కలకు, కాలేజీ పిల్లలకు నమస్కారం.

నల్లగొండకు సముద్రం లేదు. అయినా మన మార్కెట్లో ఒక గంపలో పానగల్లు ఉదయసముద్రం రవ్వు ఉంటే, పక్కనే ఐస్‌లో పెట్టుకొచ్చిన వంజరం, చందువ ఉంటాయి. కొనేవాళ్లు ముల్లు ఎక్కువా తక్కువా అని చూస్తారు, రేటు చూస్తారు. జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి నా కన్ను వేరేదాని మీద పడుతుంది. ఈ రెండు చేపలూ బతికున్నన్నాళ్లు ఉప్పుతో పడ్డ పాట్లు పూర్తిగా వేరు.

ముల్లున్న చేపల ఒంట్లో ఉప్పు చెరువు నీటికంటే ఎక్కువ, సముద్రపు నీటికంటే తక్కువ. అందుకని వంజరం ఒంట్లోని నీళ్లు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటాయి, మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టు. చుట్టూ అన్ని నీళ్లున్నా దానికి దాహమే. ఆ ఉప్పునీళ్లే తాగుతుంది, ఎక్కువైన ఉప్పును మొప్పల్లోంచి బయటికి నెడుతుంది, మూత్రం మాత్రం చాలా పొదుపుగా పోస్తుంది. మన రవ్వుది దీనికి రివర్స్. చెరువు నీళ్లు దాని ఒంట్లోకి వస్తూనే ఉంటాయి. అది నీళ్లు తాగడం దాదాపు లేదు. వచ్చిన నీళ్లను పల్చటి మూత్రంగా తోడి పోస్తూ, పోయిన ఉప్పును మొప్పలతో మళ్లీ నీళ్లలోంచే ఏరుకుంటుంది. సొరచేప ఇంకో దారి పట్టింది. రక్తంలో యూరియా నిలుపుకొని ఒంటిని సముద్రంతో సమానం చేసుకుంది. అవును, మీరు పొలానికి చల్లే యూరియానే.

రెండు నీళ్లలోనూ బతికేవి కొన్నే. గోదావరికి వరద రాగానే సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చే పులస ఒకటి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని ప్రయాణం ఆగిపోతుంది. బుల్ షార్క్ అనే సొరచేప అమెజాన్ నదిలో 3,500 కిలోమీటర్లకు పైగా లోపలికి వెళ్లి పెరూ దేశంలో కనిపించింది. యూరప్ మలుగుచేప చేసేది తలకిందుల పని. నదుల్లో పెరిగి, గుడ్ల కోసం అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రానికి పోతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్నెస్ ష్మిట్ సముద్రమంతా వెతికి, దాని అతిచిన్న పిల్లలు అక్కడే దొరుకుతాయని 1920లలో తేల్చాడు. అది గుడ్లు పెడుతుండగా మాత్రం ఇప్పటికీ ఎవరూ చూడలేదు.

పెద్దదేది, చిన్నదేది అని పిల్లలు తప్పకుండా అడుగుతారు, కాబట్టి గబగబా చెప్పేస్తాను. పెద్దది తిమింగల సొర, 18 మీటర్ల దాకా పెరుగుతుంది. పెడోసిప్రిస్ అనే సుమత్రా చేప ఎనిమిది మిల్లీమీటర్లకే గుడ్ల ఈడుకొస్తుంది. ఇక లోతు అంటారా, 2022లో జపాన్ దగ్గర 8,336 మీటర్ల లోతులో స్నెయిల్‌ఫిష్ అనే చేపను కెమెరా పట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. ప్రపంచంలో మనకు తెలిసిన చేపల రకాలు 35,000 పైనే. వాటిలో దాదాపు సగం మంచినీటివి. నదులు, సరస్సులు, చెరువులు అన్నీ కలిపినా భూమ్మీది నీటిలో నూటికి ఒక వంతు కూడా కావు. మరి ఇన్ని రకాలెట్లా వచ్చాయి? సముద్రాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసినవే. మంచినీళ్లు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఒక సరస్సు చేప పక్క సరస్సుకు పోలేక, ఉన్నచోటే ఉండి తనదైన రకంగా మారుతుంది. ఆఫ్రికాలోని మలావి సరస్సులో వందల రకాల సిక్లిడ్ చేపలున్నాయి, చాలావరకు ఇంకెక్కడా లేవు.

ఇలా విడిగా ఉండబట్టే ఇవి సులువుగా మాయమైపోతాయి కూడా. విక్టోరియా సరస్సులో 1950లలో నైల్ పెర్చ్‌ను వదిలారు. పెద్ద చేప, మంచి ధర పలుకుతుందనుకున్నారు. ధర పలికింది నిజమే, కానీ అక్కడే పుట్టిన చిన్నచేపలు సుమారు 200 రకాలు కనిపించకుండా పోయాయి. మన దగ్గరా అంతే. మీరు జిలేబి అనే చేప ఆఫ్రికాది, 1952లో మన దేశానికి తెచ్చారు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను 2000లో నిషేధించారు, అయినా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. అక్వేరియంలో పెరిగిపోయిందని సక్కర్ చేపను చెరువులో పారేసేవాళ్ల మీద నాకు మహా కోపం. దాని ముళ్లకు వల చినిగితే నష్టం మీది, వాళ్లది కాదు.

మన చేప కూడా పరాయిచోట తక్కువదేం కాదు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను తల పైకెత్తి గాలి పీలుస్తుంది, బురదలోనూ ప్రాణం నిలుపుకుంటుంది. ఎర్రటి పిల్లల గుంపు వెంట కాపలా తిరుగుతుంది. ఎండాకాలం చెరువు అడుగంటే పాలమూరు వైపు ఇలాంటి చేపే ఉండాలి. దీని చైనా దాయాది ఒకటి 2002లో అమెరికాలోని మేరీలాండ్‌లో ఒక చిన్న చెరువులో బయటపడితే, ఆ చెరువు మొత్తానికి విషం కలిపి చంపారు. మనం మృగశిర నాడు ఎగబడి కొనే చేప జాతిని చూసి వాళ్లకు అంత టెన్షన్!

ఇక సంఘాలకు వచ్చే చేపపిల్లల సంగతి. రవ్వు, బొచ్చె నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద కావాలి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించారు. లారీల్లో మన చెరువులకు పిల్లలు వస్తున్నాయంటే దానివల్లే. ఆ లెక్కలన్నీ రిజిస్టర్లో ఉంటాయి. పరకలు, జెల్లలు, మార్పు చేపలు, బొమ్మిడాయిల లాంటి నాటు చేపల లెక్క మాత్రం రాసేవాళ్లు లేరు. ప్రతి సంఘం తన చెరువులో ఏ నాటు చేప ఇంకా పడుతోంది, ఏది పడటం మానేసింది అని ఏడాదికోసారి ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఇక్కడి కాలేజీ పిల్లలు ఫొటోలు తీసి పెడతారు, వాళ్లతో నేను ముందే మాట్లాడాను.

ఇక ప్రశ్నలు అడగండి. కొర్రమీను పిల్లలు ఎకరాకు ఎన్ని వేయాలన్నది మాత్రం పక్కనున్న మత్స్యశాఖ సార్‌ను అడగండి. నేను పాఠం చెప్పినవాణ్ణే తప్ప చెరువు గుత్తకు పట్టినవాణ్ణి కాదు.