రోములస్ మాయమైన రోజు

నమస్కారం శ్రోతలూ. టైం తక్కువుంది కాబట్టి రోమ్ ఏడుగురు రాజుల్లో మొదటివాడు రోములస్ గురించే, అదీ ఆయన చావు గురించే చెప్తాను. ఈ కథ రాసిన వాళ్లలో రోమన్ చరిత్రకారుడు లివీ అంటే నాకు ఇష్టం. రోమన్ల లెక్కలో రాజుల కాలం క్రీ.పూ. 753 నుంచి 509 దాకా, లివీ రాసిందేమో ఆఖరి రాజు పోయిన దాదాపు 480 ఏళ్లకి, పాత రికార్డులు చాలావరకు గాల్ జాతి వాళ్లు ఊరు తగలబెట్టినప్పుడే పోయాయని ఆయనే చెప్తాడు.

సరే, కథలోకి వద్దాం. రోములస్ ఊరి బయట మైదానంలో, మేకల మడుగు దగ్గర, సైన్యాన్ని చూసుకుంటున్నాడు. ఉన్నట్టుండి ఉరుములు, గాలివాన, దట్టమైన మబ్బొచ్చి రాజుని కప్పేసింది. మబ్బు విడిచి ఎండ వచ్చాక చూస్తే సింహాసనం ఖాళీ! పక్కనే నిలబడ్డ సెనేటర్లు, అంటే రాజుకి సలహాలిచ్చే పెద్దల సభ వాళ్లు, గాలే ఆయన్ని పైకి ఎత్తుకుపోయింది అన్నారు. జనం కాసేపు తండ్రి పోయిన పిల్లల్లా నోరు మెదపలేదు, తర్వాత ముందు కొందరు, ఆ వెనక అందరూ, రోములస్ దేవుడైపోయాడని మొక్కడం మొదలుపెట్టారు.

లివీ ఇక్కడితో ఆపేయొచ్చు. ఆపలేదు. పక్కనున్న ఆ సెనేటర్లే రాజుని చేతులతో ముక్కలు చేసేశారని అప్పుడే కొందరు గొణుక్కున్నారని కూడా రాశాడు. జనం సెనేటర్ల మీద మండిపడుతుంటే ప్రోక్యులస్ జూలియస్ అనే పెద్దమనిషి లేచి, తెల్లారగట్ల రోములస్ ఆకాశం నుంచి దిగొచ్చి కనిపించాడు, రోమ్ ప్రపంచానికే తలకాయ అవ్వాలన్నది దేవుళ్ల ఇష్టమని చెప్పమన్నాడు అన్నాడు. ఒక్కడి మాటకి అంతమంది దుఃఖం చల్లారడం ఆశ్చర్యమే అంటాడు లివీ. తర్వాత సెనేటర్లే వంతులేసుకుని ఏలారు, ఒక్క యజమాని పోయి వందమంది తయారయ్యారని జనం గొడవ పెట్టారు.

అందుకే పాత రాజుల కథ చదివేటప్పుడు అది ఎవరి కాలంలో రాశారో చూడండి, దయచేసి అది చూడండి. లివీ కాలంలో ఏం జరిగింది? క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌ని సెనేటర్లే పొడిచి చంపారు, తర్వాత ఆయన్నీ దేవుణ్ణి చేశారు, దత్తపుత్రుడు ఆక్టేవియన్ అధికారంలోకొచ్చాడు. అలాంటి పాలనలో కూర్చుని కూడా లివీ ఆ గొణుగుడు చెరిపేయలేదు, నాకు ఆయన మీద గౌరవం అందుకే. క్రీ.పూ. 27లో ఆక్టేవియన్‌కి రోములస్ అనే బిరుదే పెడదామని కొందరన్నారు. ఆయనకీ ఆ పేరు మీద మనసుందట, కానీ రాజు అవ్వాలని చూస్తున్నాడని జనం అనుమానిస్తారని వదిలేసి, అగస్టస్ అనే పేరు తీసుకున్నాడు.