ఇంత కప్పు కింద గడ్డి ఎట్ల బతుకుతాది? సింగపూర్ నేషనల్ స్టేడియంలో మా అమ్మ అడిగిన ప్రశ్న

[షాట్: గొడుగు పట్టుకుని అమ్మ, వెనకాల తెల్లగా బోర్లించిన గిన్నె మాదిరి స్టేడియం]

ఏమప్పా, బాగుండారా అందరూ? కడప నుంచి మద్రాసు పోయి, ఆడ ఫ్లైట్ ఎక్కి సింగపూర్ వచ్చినాం. అక్కా బావ ఈడనే ఉండారు కాబట్టి రూమ్ ఖర్చు లేదు, లేకుంటే మనకంత సీన్ యాడిది. అందరూ సింహం బొమ్మ కాడ ఫోటోలు దిగుతాంటే మా బావ మాత్రం స్టేడియం చూపిస్తా రండి అన్నాడు.

మా అమ్మకి ఆటలంటే ఏం తెలీదు. ఆమెకు తెలిసిందల్లా మా చీనీ తోట, అదే బత్తాయి తోట. లోపలికి పోయి పైకి చూసింది, కిందికి చూసింది, "ఇంత కప్పు ఏస్తే గడ్డి ఎట్ల బతుకుతాదిరా?" అనింది. మేం నవ్వినాం. రాత్రి కూర్చుని చదివినాక తెలిసింది, నవ్వాల్సిన ప్రశ్న కాదది.

[షాట్: కప్పు లోపలి నుంచి, మెల్లగా తిప్పి]

ముందు ఈ కప్పు సంగతి. ఈ చివర నుంచి ఆ చివరకి సుమారు 310 మీటర్లు, అంటే ఫుట్‌బాల్ గ్రౌండ్లు పొడుగునా మూడు పెట్టినంత, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. మరి ఇంత బరువు ఎట్ల నిలబడింది? డోమ్ ఎప్పుడూ కింది అంచుల్ని బయటికి తోస్తా ఉంటాది. ఆ తోపుడు ఆపేదానికి కింద చుట్టూ ఒక కాంక్రీట్ రింగ్ పోసి దాన్ని ఉక్కు కేబుళ్ళతో బిగించినారు. ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా ఏస్తారు చూడండి, పట్టా ఊడితే చక్రం యాడిదాడ ఇడిపోతాది, అంతే లెక్క.

నడిమి భాగం తెరుచుకుంటాది, మూసుకుంటాది, అరగంట లోపే. అది గాజు కాదు, గాలి నింపిన ప్లాస్టిక్ దిండ్ల మాదిరి మెటీరియల్, పేరు ఈటీఎఫ్ఈ. ఒకపక్క గుర్రపు నాడా మాదిరి తెరిచి ఇడిసిపెట్టినారు, సీట్లో కూర్చుంటే సిటీ బిల్డింగులు కనపడతాయి. నాకైతే కప్పు కంటే అదే నచ్చింది.

[షాట్: సీట్ల కింద]

ఇంగ ఎండ. సింగపూర్ భూమధ్యరేఖకి ఆనుకునే ఉంది, మన మే నెల అంత మండదు గానీ ఏడాది పొడుగునా ఉక్కపోత, మధ్యాన్నం అయితే చాలు ఉరుములు వాన. ఈడ మన కూలర్ పని చేయదు, గాలిలోనే తేమ ఉంటే నీళ్ళు యాడ ఆవిరి అవుతాయి? అందుకని సీట్ల కింద నుంచి చల్లగాలి ఇడుస్తారు. స్టేడియం మొత్తం చల్లబరచరు, మనిషి కూర్చున్న కాడ మాత్రమే. చల్లగాలి బరువు కదా, కిందనే ఉంటాది. మా ఊర్లో మ్యాచ్ చూడాలంటే సిమెంట్ మెట్ల మీద పేపర్ పరుచుకుని తలకి టవల్ చుట్టుకుని కూర్చుంటాం, అది గుర్తొచ్చి కొంచెం కడుపు మండింది, ఒప్పుకుంటా.

సరే, గడ్డి. మా చీనీ చెట్లు చిన్నగా ఉన్నప్పుడు మధ్యలో బుడ్డలు, అంటే వేరుశెనగ, ఏసేవాళ్ళం, కొమ్మలు కమ్ముకున్నాక ఏసినా కాయలు కట్టలేదు. ఈడ జరిగింది కూడా దాదాపు అదే. స్టేడియం 2014 జూన్‌లో తెరిచినారు, అదే ఏడాది అక్టోబర్లో బ్రెజిల్, జపాన్ మ్యాచ్ పెట్టినారు, నెయ్‌మార్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టి 4-0 గెలిపించినాడు గానీ జనం ఎక్కువ మాట్లాడింది గ్రౌండ్ గురించే, గడ్డి సరిగ్గా పట్టక ఇసుక లేస్తాంది అని. మనుషులకి నీడ కావాలి, గడ్డికి ఎండ కావాలి, రెండూ ఒకే కప్పు కింద! తర్వాత గడ్డి మార్చినారు, ఎండకి బదులు గ్రౌండ్ మీద పెద్ద పెద్ద లైట్లు పెట్టి పెంచినారు.

ఇది చెప్తే అమ్మ, "ఎండని కరెంటు పెట్టి కొంటాండారా? కడపకి రమ్మనప్పా, ఎంత గావాలంటే అంత ఎత్తకపోమను" అనింది.

[షాట్: కింది వరస సీట్లు]

ఇంగోటి, 55,000 మంది పడతారు ఇందులో. కింది వరస సీట్లు ముందుకి వెనక్కి జరుగుతాయి, ఫుట్‌బాల్‌కి దగ్గరికి, క్రికెట్‌కీ రన్నింగ్‌కీ దూరంగా. మార్చేదానికి రెండు రోజులు దాకా పట్టొచ్చంట.

వచ్చేవాళ్ళు సర్కిల్ లైన్ మెట్రో ఎక్కండి, స్టేషన్ పేరే స్టేడియం, తప్పిపోయే ఛాన్స్ లేదు. మ్యాచ్ లేకపోయినా పర్లేదు, కప్పు అంచు కిందనే చుట్టూ నడిచే దారి ఉంది, టికెట్ లేదు. మేం ఉన్నప్పుడే వాన దంచింది, ఒక్క చినుకు పడకుండా రెండు రౌండ్లు నడిచినాం. అమ్మ మూడో రౌండ్ కూడా పోయింది, మేం బెంచీ మీద కూర్చుండిపోయినాం.