బల్లకట్టు ఎక్కే బండికి ఫాస్టాగ్ పనికొస్తుందా?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ రోజు నల్గొండ నుంచి మాట్లాడుతున్నాం. నా ఎదురుగా ఉన్న అన్న కృష్ణ ఒడ్డున ఒక రేవులో, బండ్లను నది దాటించే బల్లకట్టుకు ఆరేళ్లు టికెట్లు కొట్టారు. తర్వాత హైవే మీద ఒక టోల్ ప్లాజాలో లేన్ చూసుకున్నారు. పేరు వద్దన్నారు, అందుకే అన్నా అనే పిలుస్తాను.

అన్న: నమస్తే చెల్లె. రెండు చోట్లా నేను చేసింది ఒకటే పని. వచ్చిన బండిని చూడాలి, డబ్బు తీసుకోవాలి, పంపాలి.

హోస్ట్: మొన్న రేవు దగ్గర కారులో వచ్చిన ఒకాయన గట్టిగానే అడిగాడు. హైదరాబాద్ నుంచి ఇక్కడిదాకా ఎక్కడా జేబులో చెయ్యి పెట్టలేదట. ఇక్కడికొచ్చాక మాత్రం చిల్లర లేదని పావుగంట నిలబెట్టారట. హైవే మీద టోల్ దానంతటదే కట్టే ఫాస్టాగ్ ఇక్కడ కూడా పెట్టొచ్చు కదా అన్నాడు.

అన్న: అడిగింది న్యాయమే. అయితే ఆ రోజు బల్లకట్టు మీద ఆ కారు కాక ఇంకేమున్నాయి?

హోస్ట్: తొమ్మిది బైకులు. ఒక ఆటో. ఎరువు బస్తాలతో ఒక ట్రాక్టర్. నడిచి వచ్చినవాళ్లు ఓ ఇరవై మంది ఉంటారు.

అన్న: చూశావా? నేషనల్ హైవే మీద బైకుకు టోల్ లేదు, ఆటోకు లేదు, ట్రాక్టర్‌కు లేదు. టోల్ లేదు కాబట్టి వాటికి ట్యాగూ లేదు. రేవులో ఎక్కువ డబ్బు వచ్చేదేమో వాటి నుంచే. ఫాస్టాగ్‌ను చదివే రీడర్ తెచ్చి పెడితే ఆ కారాయన పని అయిపోతుంది. మిగతా పది పదకొండు బండ్లవాళ్లు మళ్లీ చిల్లర వెతుక్కోవాల్సిందే.

హోస్ట్: బైకులకు కూడా ట్యాగ్ ఇస్తే?

అన్న: ట్యాగ్ అతికించేది అద్దం మీద. అందులో బ్యాటరీ ఉండదు. రీడర్ 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య తరంగాలు పంపుతుంది, ఆ తరంగాల శక్తితోనే చిప్ లేచి తన నంబర్ చెప్తుంది. ఇనుము పక్కన, నీళ్ల పక్కన ఆ తరంగాలకు ఇబ్బంది. బైకుకు అద్దం ఎక్కడుంది? ట్యాంకు మీద అతికిస్తే కింద ఇనుము, పైన వాన. వేరే రకం ట్యాగ్ చేయొచ్చు, కాదనను. కానీ పది, ఇరవై రూపాయల టికెట్ కోసం ఊళ్లో ప్రతి బైకుకూ ట్యాగ్, దానికో ఖాతా, దాంట్లో బ్యాలెన్స్ అంటే రైతు ఎందుకు పెట్టుకుంటాడు? అతని ఫోన్‌లో యూపీఐ ఎలాగూ ఉంది.

హోస్ట్: రేవులో సిగ్నల్ ఉండదు కదా అన్నా. యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, పడవేమో కదులుతుంటుంది. ఆ టెన్షన్ నేను పడ్డాను.

అన్న: అక్కడే ఫాస్టాగ్ గెలుస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. టోల్ ప్లాజాలో గేటు లేచేటప్పుడు నీ డబ్బు ఆ క్షణమే బ్యాంకు నుంచి పోతుందని అనుకుంటారు. అలా జరగదు. నేను చేసిన రోజుల్లో ఏ ట్యాగులు బ్లాక్‌లిస్ట్‌లో ఉన్నాయో, అంటే ఏవి ఆపేశారో, ఆ జాబితా ముందే ప్లాజా కంప్యూటర్‌కు వచ్చేది. నీ ట్యాగ్ అందులో లేకపోతే గేటు లేచేది. ఆ లావాదేవీ తర్వాత బ్యాంకుకు వెళ్తుంది. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థే నడిపే ఎలక్ట్రానిక్ టోల్ పద్ధతి అది. నీకు మెసేజ్ కాస్త ఆగి వచ్చేది అందుకే.

హోస్ట్: అంటే సిగ్నల్ లేని ఒడ్డు మీద కూడా చదివి పెట్టుకుని, సాయంత్రం ఊళ్లోకి వచ్చాక పంపొచ్చన్నమాట.

అన్న: పద్ధతి ప్రకారం కష్టమేమీ లేదు. కాకపోతే స్తంభం పాతి, గేటు కట్టి, అక్కడ రీడర్ బిగించడం మన కృష్ణ దగ్గర కుదరదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ల ఒడ్డున ఉన్న సోమశిల చూడు. ఆ ప్రాజెక్టు పూర్తి మట్టం 885 అడుగులు. నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి, ఎండాకాలం ఎక్కడికి పోతాయి! నీళ్లు తగ్గాక అవతల సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. గుడే నెలలకొద్దీ మునిగి తేలే చోట రేవు ఒక్కచోట ఉంటుందా? నీళ్లతోపాటు పడవ ఆగే చోటు జరుగుతుంది, టికెట్ బల్ల కూడా జరుగుతుంది. అందుకని చేతిలో పట్టుకునే రీడరే కావాలి. టోల్ ప్లాజాల్లో పైన బిగించిన రీడర్ చదవకపోతే మేం వాడేది అదే.

హోస్ట్: వేరే దేశాల్లో ఫెర్రీలకు, అంటే బండ్లను దాటించే పెద్ద పడవలకు, ఈ పద్ధతి ఉందని చదివాను.

అన్న: నార్వేలో ఉంది. కొండల మధ్య సముద్రం చొచ్చుకొచ్చిన దేశం కదా, రోడ్డు ఒడ్డుదాకా వచ్చి ఆగుతుంది, అక్కడ ఫెర్రీ ఎక్కాలి. ఫెర్రీ అంటే వాళ్లకు రోడ్డులో ఒక ముక్క. అందుకే రోడ్డు టోల్‌కు వాడే ఆటోపాస్ ట్యాగే ఫెర్రీకీ పనిచేస్తుంది. ట్యాగ్ లేకపోతే కెమెరా నంబర్ ప్లేట్ చూస్తుంది, బిల్లు ఇంటికి వస్తుంది. ముందే డబ్బు వేసుకున్న సొంత కారుకు సగం తగ్గింపు. డెన్మార్క్, స్వీడన్ మధ్య కూడా అంతే, ఓరెసుండ్ వంతెన మీద పనిచేసే ట్యాగ్ ఫెర్రీ గేటు దగ్గరా పనిచేస్తుంది.

హోస్ట్: మన దగ్గర అలా ఎందుకు కాదు?

అన్న: వాళ్లు రేటు దేన్నిబట్టి వేస్తారో చూడాలి. మన హైవే మీద ఇరుసులు లెక్కపెడతాం, బరువు చూస్తాం. రోడ్డు అరిగేది దానివల్ల కాబట్టి. ఫెర్రీలో అమ్మేది చోటు. అందుకే నార్వే ఫెర్రీల్లో బండి పొడవును బట్టి రేటు. మన ఫాస్టాగ్ కారా, లారీయా, ఎన్ని ఇరుసులు అన్నది చెప్తుంది. వెనక ట్రాలీ తగిలించారా, గడ్డి మోపు పక్కలకు ఎంత వచ్చింది, అది చెప్పదు. బల్లకట్టు మీద నాకు కావలసింది అదే. ట్రాక్టర్ ఒక్కటే వస్తే ఒక లెక్క, ట్రాలీతో వస్తే నాలుగు బైకుల చోటు పోతుంది.

హోస్ట్: ఇప్పుడు ఆ లెక్క ఎవరు పెడుతున్నారు?

అన్న: కంటితోనే పెడతారు. నేను చేసిన చోట రేవు ఏటా వేలానికి వెళ్లేది. పాట పాడుకున్నవాడు ఆ ఏడాది వసూలు చేసుకుంటాడు. పాట ఎంతకు పోయిందో పంచాయతీకి తెలుసు. ఎన్ని బండ్లు దాటాయో మాత్రం తెలియదు. నేను సగం మందికి టికెట్ చింపి ఇచ్చేవాణ్ని కాదు. ఇవ్వొద్దని చెప్పారు. చింపితే లెక్క బయటపడుతుంది, వచ్చే ఏడు పాట పెరుగుతుంది. అప్పట్లో నాకది డబ్బు విషయంగానే కనిపించింది.

హోస్ట్: తర్వాత?

అన్న: జాతర రోజుల్లో తెలిసింది. 2007 జనవరిలో సింగోటం జాతర నుంచి తిరిగి వెళ్తున్నవాళ్ల పడవ కృష్ణలో మునిగింది. దాదాపు 60 మంది పోయారు. నేను ఆ రేవువాణ్ని కాదు. కానీ ఆ వార్త విన్నాక నాకు ఒక్కటే ఆలోచన. రేపు మా బల్లకట్టుకు అలాంటిది జరిగితే ఎంతమంది ఎక్కారని పోలీసులు అడుగుతారు. నేనేం చెప్పాలి? టికెట్ పుస్తకంలో పదిహేను మంది ఉంటారు, బల్లకట్టు మీద నలభై మంది ఉంటారు. పైగా ఆ పుస్తకం కూడా పడవలోనే ఉంటుంది. దాంతోపాటే మునుగుతుంది.

హోస్ట్: ...అవునన్నా.

అన్న: అందుకే ఎలక్ట్రానిక్ వసూలు అని ఎవరన్నా నేను మొదట అడిగేది చిల్లర గురించి కాదు. బండి ఎక్కేముందు ఒడ్డు మీదే లెక్క పడుతుందా, మనుషుల లెక్క కూడా పడుతుందా? ఫాస్టాగ్ కారును చదువుతుంది, కారులో ఇద్దరున్నారా, ఏడుగురున్నారా దానికి తెలియదు. హైవేకు ఆ అవసరం లేదు. నీళ్లకు ఉంది.

హోస్ట్: మరి మీకు అప్పజెప్తే ఎలా పెడతారు?

అన్న: బస్సు కండక్టర్ దగ్గర టికెట్ మిషన్ ఉంటుంది చూడు, అలాంటిదే ఒకటి రేవుకు ఇస్తాను. కారు, లారీ వస్తే దాని ట్యాగ్ చదవాలి. బైకువాళ్లకు క్యూఆర్ చూపించాలి. నోటు ఇస్తే నోటే తీసుకోవాలి. ఏది చేసినా టికెట్ బయటికి రావాలి, దాని మీద బండి రకం, మనుషుల సంఖ్య పడాలి. బల్లకట్టుకు ఇంత బరువు, ఇంతమంది అని లైసెన్స్‌లో రాసిన హద్దు ఆ మిషన్‌లో ముందే ఎక్కించాలి. హద్దు నిండాక టికెట్ రాకూడదు. జాతర రోజు పాటదారు అరిచినా, పెద్దమనిషి ఫోన్ చేసినా మిషన్ నుంచి టికెట్ రాకూడదు. నా మీద ఒత్తిడి వస్తే నేను కాదనలేకపోయాను చెల్లె. ఆ నౌకరీ నాకు కావాలి.

హోస్ట్: నగదు కూడా ఉంచాలంటున్నారు. హైవే మీద నగదు ఇస్తే రెట్టింపు పెట్టారు కదా?

అన్న: అక్కడ అలాగే పెట్టారు. పనిచేసే ట్యాగ్ లేకుండా వస్తే నగదుకు రెండింతలు, యూపీఐతో కడితే ఒకటింబావు అని 2025 నవంబర్ 15 నుంచి నియమం తెచ్చారు. హైవే మీద క్యూ తగ్గించడానికి అలాంటిది సరే. రేవులో మాత్రం అలా చేయొద్దు. చేపలు అమ్మి వచ్చే మనిషి దగ్గర నోట్లే ఉంటాయి. ఆ మనిషికి రెట్టింపు వేస్తే, టికెట్ లేకుండానే ఎక్కించుకోమంటాడు. అప్పుడు లెక్క మళ్లీ పోతుంది.

హోస్ట్: సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెన రాబోతోంది. 167కే హైవేలో భాగంగా 2022లో కేంద్రం 1,082.56 కోట్లతో ఆమోదించింది. అది వస్తే ఇక పడవలతో పనేముంది, మిషన్ ఎందుకు అంటారు కొందరు.

అన్న: వంతెన రావాలి, రోజూ కోరుకుంటున్నాను. వచ్చాక లారీలు, కార్లు అటే పోతాయి. చేపలవాళ్లు, అవతలి ఒడ్డున పొలాలున్నవాళ్లు, గుడికి వెళ్లేవాళ్లు దగ్గరి రేవులోనే దిగుతారు. అప్పుడు పాట తగ్గుతుంది, పడవ పాతబడుతుంది, చూసే అధికారి కూడా తగ్గుతాడు. ఆ రోజుకు మిషన్ ఇంకా ఎక్కువ కావాలి.

హోస్ట్: వచ్చే సంక్రాంతికి మళ్లీ సింగోటం జాతర. పడవ ఎక్కేవాళ్లకు ఏం చెప్తారు?

అన్న: టికెట్ అడగండి. చింపి ఇవ్వకపోతే ఎక్కకండి, తర్వాతి పడవకు ఆగండి. ఆగుదామంటే పిల్లలు ఏడుస్తారు, చీకటి పడుతుంది, నాకు తెలుసు. ఆ గంట ఒడ్డు మీద కూర్చోండి.